రాత్రి టీవీలో ఏం చూశారండీ?

(గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక శాఖా గ్రంథాలయం మేడమ్ మాట్లాడింది. ఫోన్‌లో రికార్డు చేసి, విని టైపు చేశాం. మాటలు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. మైకు వినపడుతోందా అండీ? వెనకాల పిల్లలూ, వినపడుతోందా? సరే.

ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా మనం వారోత్సవాలు చేస్తాం కదా, వ్యాసరచన పోటీ, క్విజ్, ముగ్గులు, పాటలు, అన్నీ పిల్లలకే. తప్పని కాదు. మరి పెద్దవాళ్ళకేం పెడతామంటే సన్మానం. (నవ్వులు) శాలువా కప్పేసి, ఫొటో తీసేసి పంపించేస్తాం. అందుకని నన్ను మాట్లాడమన్నప్పుడు నేను పెద్దవాళ్ళ గురించే మాట్లాడతానన్నా, అంటే ముప్పై అయిదు దాటి, రాయాల్సిన పరీక్షలేవీ లేక, ఫలానాది చదువు అని చెప్పేవాళ్ళు ఎవరూ లేని వాళ్ళ గురించి. ఉపన్యాసం ఏం కాదండీ, కౌంటర్ దగ్గర ఇన్నేళ్ళు కూర్చుని నేను చేసిన తప్పులు చెప్తా, కొత్తగా చేరిన పిల్లలకి పనికొస్తాయి.

మా శాఖా గ్రంథాలయం ఎలా ఉంటుందంటే, పొద్దున్నే తలుపు తీసేసరికి మెట్ల మీద కాంపిటీటివ్ పిల్లలు కూర్చుని ఉంటారు, గ్రూప్స్ వాళ్ళు, డీఎస్సీ వాళ్ళు, వాటర్ బాటిల్, పరీక్ష అట్ట, ఎవరి కుర్చీ వాళ్ళకి ఖాయం. వాళ్ళకి మా పుస్తకాలతో పనిలేదు, ఫ్యాను, నిశ్శబ్దం కావాలంతే. తర్వాత పేపర్ల బల్ల దగ్గరికి పెద్దవాళ్ళు వస్తారు. ఒకే పేపర్ని నాలుగు ముక్కలు చేసుకుని నలుగురూ చదువుతారు, ఎడిషన్ పేజీ ఒకరి దగ్గర, స్పోర్ట్స్ పేజీ ఒకరి దగ్గర. చదివేసి లేచి వెళ్ళిపోతారు. ఆ బల్లకీ వెనకున్న నవలల బీరువాకీ మధ్య దూరం పది అడుగులండీ. ఆ పదడుగులు నడవరు. ఇరవై ఏళ్ళ నుంచీ వస్తున్న మాస్టారొకాయన, ఆ బీరువాలో నవలలుంటాయని తెలీదమ్మా, ఆఫీసు ఫైళ్ళనుకున్నా అన్నారు నాతో.

చేరిన కొత్తలో నాకు ఉత్సాహం ఎక్కువ. ఎవరైనా కౌంటర్ దగ్గరికొస్తే ఏం పుస్తకం కావాలండీ అని అడిగేదాన్ని. అందరిదీ ఒకటే సమాధానం, ఏదో ఒకటి ఇవ్వండి మేడం. ఏదో ఒకటి అన్నారు కదా అని నాకు నచ్చింది ఇచ్చేసేదాన్ని. అలా ఒకసారి ఒక ఆఫీసులో గుమాస్తాగా చేసే ఆయన వచ్చారు, చాలా నెమ్మదస్తుడు, కుర్చీ లాగినా చప్పుడు రాకుండా లాగుతారు. ఆయనకి నేను ఏం ఇచ్చాననుకున్నారు? రావిశాస్త్రిగారి అల్పజీవి. (నవ్వులు) నవ్వుతున్నారంటే చదివారన్నమాట. చదవని వాళ్ళకి చెప్తా, అందులో సుబ్బయ్య అని ఒక గుమాస్తా, భయస్థుడు, ఆఫీసంటే భయం, బావమరిదంటే భయం, తన నీడంటే కూడా భయమే. తెలుగులో మనిషి లోపలి భయాన్ని అంత దగ్గరగా చూపించిన నవల ఇంకోటి లేదని నా అభిప్రాయం, ఇప్పటికీ అదే అభిప్రాయం. కానీ ఆయన మూడోరోజు పుస్తకం తెచ్చి కౌంటర్ మీద పెట్టి, మేడం, నన్ను చూస్తే మీకు ఇలా కనిపించానా అన్నారు. అంతే, ఇంకో మాట లేదు. నాకు నోట మాట రాలేదు. ఆ తర్వాత రెండేళ్ళు ఆయన పేపర్ చదవడానికి కూడా రాలేదండీ.

కాబట్టి మొదటిది, మనిషి ఉద్యోగం చూసి పుస్తకం ఇవ్వకూడదు. అలాగే ఆడమనిషి వస్తే వంటల పుస్తకం, ముగ్గుల పుస్తకం చూపించడం, గెడ్డం నెరిస్తే భగవద్గీత చూపించడం. మా దగ్గర ఒకాయన ఎనభై దగ్గర పడ్డ మనిషి, భగవద్గీత ఇస్తే, ఇది నాకు వచ్చమ్మా, డిటెక్టివ్ నవలుంటే ఇయ్యి అన్నారు.

మరి ఏం అడగాలి అంటే, దీనికి నేను కనిపెట్టిందేం లేదు, ఒకావిడ నేర్పింది నాకు. మా వీధిలోనే టైలర్, జాకెట్లు కుడతారు. కరెంటు బిల్లు కట్టడానికి వచ్చి, ఎండగా ఉందని లోపల కూర్చున్నారు. ఫోన్‌లో ఏదో చూస్తున్నారు. ఏంటక్కా చూస్తున్నారు అంటే చక్రవాకం. అదే, మంజులా నాయుడుగారి సీరియల్, జెమినీలో వచ్చేది, ఆవిడవే ముందు దూరదర్శన్‌లో ఋతురాగాలు, తర్వాత మొగలిరేకులు, ఋతురాగాలు పాట ఇక్కడ సగం మందికి ఇప్పటికీ వచ్చు, పాడకండి ఇప్పుడు. (నవ్వులు) అది ఆవిడ రెండోసారి చూడటం. ఎందుకు నచ్చిందక్కా అనడిగా. నాకు తెలిసి వందల మంది పాఠకుల్ని అడిగినా అంత బాగా చెప్పలేదు ఎవరూ, ఇందులో ఆడవాళ్ళు మాట్లాడుకుంటారండీ, ఇప్పటి వాటిల్లో పోట్లాడుకోవడమే అన్నారు. నాకు అప్పుడు బుర్రలో లైటు వెలిగింది. ఏం పుస్తకం కావాలి అంటే చెప్పలేని మనిషి, ఏం చూస్తున్నావు, ఎందుకు చూస్తున్నావు అంటే గడగడా చెప్పేస్తుంది. అందరికీ రుచి ఉందండీ. పుస్తకం అనేసరికి స్కూలు గుర్తొచ్చి నోరు కట్టేసుకుంటారు, టీవీ దగ్గర ఆ భయం లేదు.

ఆవిడకి యద్దనపూడి సులోచనారాణిగారిది ఇవ్వబోతే నవ్వారు, సెక్రటరీ, మీనా, జీవన తరంగాలు అన్నీ పెళ్ళికి ముందే అయిపోయాయంట, సాంఘిక శాస్త్రం పుస్తకంలో పెట్టుకుని చదివారంట. అప్పుడు కాలాతీత వ్యక్తులు ఇచ్చాను. డాక్టర్ పి. శ్రీదేవిగారిది, ఆవిడ 1961లోనే పోయారు, ముప్పై రెండేళ్ళకి, నవలంటూ మనకి మిగిల్చింది ఇదే. తెలుగు స్వతంత్ర పత్రికలో సీరియల్‌గా వచ్చింది, దాన్ని పట్టుకునే 1963లో చదువుకున్న అమ్మాయిలు సినిమా తీశారు, సినిమా సరదాగా ఉంటుంది కానీ నవలలో ఉన్న కారం అందులో లేదు. ఆ కారం పేరు ఇందిర. ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తుంది, తనకేం కావాలో తనకి తెలుసు, అందుకోసం ఎవర్నీ బతిమాలదు, అవసరమైతే ఎవర్నైనా పక్కకి నెట్టేస్తుంది. మా టైలరక్క పది రోజులకి తెచ్చిచ్చారు, పుస్తకంలో పేజీ గుర్తుకి కొలతల టేపు ముక్క. ఏమన్నారో తెలుసా, ఈ ఇందిరని ఇవ్వాళ సీరియల్లో పెడితే విలన్ని చేసేస్తారు మేడం, నల్ల బొట్టు పెట్టి, వెనకాల మ్యూజిక్ వేసి. (నవ్వులు, చప్పట్లు) ఆ ఒక్క మాట చాలండీ, విమర్శకులు వ్యాసం రాస్తే అదే రాస్తారు, కాకపోతే పది పేజీలు.

అప్పట్నుంచీ నా ప్రశ్న ఒకటే, రాత్రి టీవీలో ఏం చూశారండీ? ఫోన్‌లో అయినా సరే. ఇదే సరైన పద్ధతి అని నేను పుస్తకంలో చదవలేదు, మా లైబ్రరీ సైన్స్ కోర్సులో రంగనాథన్‌గారి అయిదు సూత్రాలు బట్టీ కొట్టించారు, 1931లో రాసినవి, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు అని, పరీక్షలో అయిదు మార్కులు కూడా వచ్చాయి. కానీ ఆ పాఠకుడి మనసులో ఏముందో ఎలా అడగాలో మా సిలబస్‌లో లేదు.

ఇంకో మనిషి గురించి చెప్తా. మిర్చి కోల్డ్ స్టోరేజీలో నైట్ వాచ్‌మన్. కోల్డ్ స్టోరేజీ పక్కన నుంచుంటే తెలుస్తుంది, ఘాటు రాత్రి పూట ఇంకా ఎక్కువ, ఆయన పుస్తకం తిరిగిస్తే మా అటెండర్‌కి తుమ్ములు. రాత్రంతా మెలకువగా ఉండాలి కాబట్టి ఫోన్‌లో క్రైమ్ షోలు, హిందీవి, తెలుగు డబ్బింగువి, ఏవి దొరికితే అవి. ఎందుకు చూస్తావు బాబాయ్ అంటే, నిద్ర రాకుండా ఉంటదమ్మా అన్నాడు. ముందు కొమ్మూరి సాంబశివరావు ఇచ్చా, డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు. అవి పల్లీల్లా నమిలేశాడు, ఉన్నవన్నీ అయిపోయాయి. తర్వాత కేశవరెడ్డిగారి అతడు అడవిని జయించాడు చేతిలో పెట్టా. చిన్న పుస్తకం. ఇందులో హత్య లేదు, పోలీసు లేడు, ఒక ముసలాయన మందలో ఒక పంది సాయంత్రం ఇంటికి రాలేదు, దాన్ని వెతుక్కుంటూ ఈటె పట్టుకుని అడవిలోకి పోయాడు, తెల్లారేదాకా కథ, అంతే చెప్పా. చివరేంటో ఇక్కడా చెప్పను. కేశవరెడ్డిగారు డాక్టరు, చాలా ఏళ్ళు డిచ్‌పల్లిలో కుష్టురోగులకి వైద్యం చేశారు, రాయడం చూస్తే అడవిలోనే పుట్టి పెరిగాడేమో అనిపిస్తుంది. బాబాయ్ మూడోరోజు వచ్చి, పంది కోసం ఇంత భయపడతాననుకోలేదమ్మా అన్నాడు, రెండుసార్లు లేచి గేటు తాళం చూసుకున్నాడంట.

ఇక్కడ కొత్త పిల్లలకి ఒక మాట. పుస్తకం ఇచ్చేటప్పుడు మొదటి పేజీ వరకే చెప్పండి. కథంతా చెప్పేస్తే ఇంటికి తీసుకెళ్ళి బీరువా మీద పెడతారు, డ్యూ డేట్‌కి అలాగే తెచ్చిస్తారు. అలా అన్నానని మాలతీ చందూర్‌గారి సంగతేంటని నన్ను అడగొద్దు మళ్ళీ, ఆవిడ స్వాతి మాసపత్రికలో పాత కెరటాలు పేరుతో ఎన్నో ఏళ్ళు ఇంగ్లీషు నవలలు మొత్తం కథ చెప్పేసేవారు, మొదలు, మధ్య, ఎవరు చచ్చిపోయారో కూడా. అయినా మా అమ్మ తరం వాళ్ళు నెల నెలా దాని కోసమే స్వాతి కొనేవాళ్ళు. ఇంగ్లీషు అక్షరం రాని మా పెద్దమ్మ ఆ నవలల్లో మనుషుల గురించి పక్కింటి వాళ్ళ గురించి మాట్లాడినట్టు మాట్లాడేది. అది ఆవిడ చెయ్యి, మనకి రాదు. మనం మొదటి పేజీతో ఆపుదాం.

పుస్తకం ఇవ్వకూడని టైమ్ కూడా ఉంటుంది. రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్‌గారు ఒకాయన, భార్య పోయిన నెలకి మళ్ళీ పేపర్ల బల్ల దగ్గరికి రావడం మొదలుపెట్టారు. పేపర్ ముందేసుకుంటారు, పేజీ తిప్పరు. గంటసేపు అదే పేజీ. మా రికార్డ్ అసిస్టెంట్ ఏదైనా వేదాంతం పుస్తకం ఇద్దాం మేడం అన్నాడు, నేను వద్దన్నా. బంధువులు ఆ నెలంతా ఇచ్చేసుంటారు వేదాంతం. డ్యూ డేట్ స్లిప్పు వెనకాల అమృతం, యూట్యూబ్ అని రాసిచ్చా. గుణ్ణం గంగరాజుగారిది, 2001లో జెమినీలో మొదలైంది, మూడొందల పైన ఎపిసోడ్లు, హోటల్ పెట్టుకున్న ఇద్దరు స్నేహితులు ప్రతి వారం ఒక తెలివితక్కువ పని చేస్తారు, వారం చివరికి ఎక్కడ మొదలయ్యారో అక్కడికే వస్తారు. లైబ్రరీలో కూర్చుని టీవీ రాసిస్తావా అని అప్పట్లో మా వాళ్ళు నవ్వారు. వారం తర్వాత ఆయన వచ్చి, గుండు హనుమంతరావుని చూసి పైకి నవ్వానమ్మా, నవ్వి వంటింట్లోకి చూశా అన్నారు.

ఆ తర్వాత నేనేం మాట్లాడలేదు. ఇంకో పది రోజులకి బారిస్టర్ పార్వతీశం ఇచ్చా. మొక్కపాటి వారిది, వందేళ్ళ నాటి పుస్తకం, మొగల్తూరు నుంచి ఇంగ్లండు బయల్దేరిన కుర్రాడు, దారి పొడుగునా తప్పులే. ఇస్తే, టిక్కెట్టు లేకుండా ఎక్కిన వాళ్ళని చూశాను గానీ ఇలాంటివాణ్ణి చూళ్ళేదని ఆయన కండక్టర్ లెక్కలో చెప్పారు. మూడు భాగాలూ అయిపోయాయి.

బాగా చదివి మానేసిన వాళ్ళుంటారు, ఇరవై ఏళ్ళ నుంచి పుస్తకం ముట్టలేదండీ, ఇప్పుడు నాలుగు పేజీలు చదివేసరికి ఫోన్ తీయబుద్ధేస్తుంది అంటారు. నాక్కూడా అంతే, దాచుకోవడం ఎందుకు. వాళ్ళకి నా మందు అమరావతి కథలు. సత్యం శంకరమంచిగారు, వంద కథలు, ఒక్కోటీ మూడు నాలుగు పేజీలు, పక్కన బాపుగారి బొమ్మ. 1979లో రాష్ట్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఫోన్ గుర్తొచ్చేలోపు కథ అయిపోతుంది. మా దగ్గరున్న కాపీ చూస్తే జాలేస్తుంది, రెండుసార్లు బైండింగ్ చేయించాం, నీలం కాలికో అట్ట, వెనక స్లిప్పు నిండిపోతే దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి అతికించాం, ఇప్పుడు నాలుగు స్లిప్పుల మందం ఉంది, పుస్తకం మూసినా వెనకట్ట కొంచెం లేచే ఉంటుంది. లోపల ఒకచోట పసుపు వేలిముద్ర, ఎవరో వంట మధ్యలో చదివారు. ఆ ముద్ర ఉన్న పేజీని బైండరు మారుస్తానంటే నేను ఒప్పుకోలా.

దీన్ని శ్యాం బెనెగల్‌గారు హిందీలో దూరదర్శన్‌కి సీరియల్‌గా తీశారు, తొంభైల్లో. ఆయన మన సికింద్రాబాద్ తిరుమలగిరిలోనే పుట్టారు, తెలుగునేల ఆయనకి కొత్త కాదు. చూడండి, బాగుంటుంది. కాకపోతే పుస్తకం చదివి చూస్తే కృష్ణ ఒడ్డున మనుషులు హిందీలో మాట్లాడుతుంటే కొంచెం ఒళ్ళు మండుతుంది, చూశాక చదివితే ఏ ఇబ్బందీ లేదు. నేను అందుకే ముందు సీరియల్ చూసి రమ్మంటా. మాల్గుడి డేస్‌కి ఈ గొడవ లేదు, శంకర్ నాగ్ కర్ణాటకలో ఆగుంబెలో తీశారు 1986 ప్రాంతంలో, ఏది ముందైనా పర్లేదు. తమస్ మాత్రం అడిగితేనే చెప్తా, దేశవిభజన కథ, రాత్రి పూట ఒంటరిగా చూసేది కాదు. ఇప్పటి వాటిల్లో 90స్ మిడిల్ క్లాస్ బయోపిక్ వచ్చింది కదా 2024లో, లెక్కల మాస్టారి ఇల్లు, ఆరే ఎపిసోడ్లు, అది నచ్చిందన్న వాళ్ళకి సోమరాజు సుశీలగారి ఇల్లేరమ్మ కథలు ఇచ్చి చూడండి, మళ్ళీ మీ దగ్గరికే వస్తారు. నామినిగారి మిట్టూరోడి కథలు కూడా, కానీ మా కోస్తా వాళ్ళకి ఆ చిత్తూరు యాస మొదట్లో కాస్త పంటికింద రాయిలా ఉంటుంది, పైకి చదవమనండి, రెండో కథకి అలవాటైపోతుంది.

మధ్యలో ఆపేసే హక్కు కూడా చెప్పాలి పాఠకులకి. మనవాళ్ళకి పుస్తకం సగంలో వదిలేస్తే పాపం అని ఒక నమ్మకం, కంచంలో అన్నం వదిలేసినట్టు. అమెరికాలో సియాటిల్‌లో నాన్సీ పెర్ల్ అని లైబ్రేరియన్ ఉన్నారు, ఆవిడ ఒక లెక్క పెట్టారు, యాభై పేజీలు చదవండి, నచ్చకపోతే ఆపెయ్యండి, యాభై ఏళ్ళు దాటిన వాళ్ళయితే వందలోంచి మీ వయసు తీసేసి అన్ని పేజీలు చదివితే చాలు. ఇది మా డెబ్భై రెండేళ్ళ మాస్టారికి చెప్తే, వేలు మడిచి, ఇరవై ఎనిమిది అన్నారు, మరి అంత లావు వేయిపడగలు ఇరవై ఎనిమిది పేజీల్లో ఏం తెలుస్తుందమ్మా అని నన్నే అడిగారు. (నవ్వులు) దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇంకోటి, మొహమాటపడే వాళ్ళకి నేను చెప్పే మాట, మీరు ఇంటి పన్ను కట్టినప్పుడు దాని మీద రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు కడుతున్నారు, 1960 చట్టం నుంచీ ఉన్నదే, ఆ బీరువా మీదే, తెరవండి అని. సెస్సు సంగతి ఎత్తాను కాబట్టి కొత్త పుస్తకాల సంగతి కూడా అడగాలి గానీ, ముందు వరసలో పెద్దలున్నారు, టీ అయ్యాక మాట్లాడుకుందాం. (నవ్వులు)

పాత రోజుల్లో మనవాళ్ళు పుస్తకం పట్టుకుని మనిషి దగ్గరికి వెళ్ళేవాళ్ళండీ. వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు నెత్తిన పెట్టుకుని తెలంగాణ ఊళ్ళన్నీ తిరిగారు. ఇటు గుంటూరు, కృష్ణా వైపు కాలవల మీద పడవలో లైబ్రరీ నడిపారు. నేను పదడుగుల దూరం గురించి ఇంతసేపు మాట్లాడుతున్నా.

కౌంటర్ మీద ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాను, పెన్నుకి దారం కట్టి. మొదటి గడిలో వాళ్ళు చూసిన ప్రోగ్రాం, రెండో గడిలో నేనిచ్చిన పుస్తకం, మూడోది తిరిగిచ్చేటప్పుడు వాళ్ళు రాసేది. రెండు మూడు చదువుతా, పేర్లు చెప్పను. ఒకటి, బాగుంది, కళ్ళజోడు మార్చాక మళ్ళీ ఇవ్వండి. ఇంకోటి, చాలా బాగుంది, మా ఆయనకి ఇవ్వకండి. (నవ్వులు) ఏ పుస్తకమో అడక్కండి. ఇదొకటి, చదవలేదు, మా కోడలు చదివింది, ఏడ్చింది. మొన్న ఆగస్టులో ఒక లైన్ కనపడింది, మొదటి గడి ఖాళీ, రెండో గడిలో ఆయనే రాసుకున్నారు అల్పజీవి అని, మూడో గడిలో, రెండోసారి చదివాను, సుబ్బయ్య మీద కోపం పోయింది అని. చప్పుడు లేకుండా వచ్చి, చప్పుడు లేకుండా రాసి వెళ్ళిపోయారు, నేను లోపల కొత్త పుస్తకాలు ఎక్కించే యాక్సెషన్ రిజిస్టర్ రాసుకుంటున్నా, చూడనే లేదు.

అయిపోయిందండీ, టీ వచ్చిందంటున్నారు. ఏమైనా అడుగుతారా? ఆ, చెప్పండి బాబాయిగారూ.

(సభలోంచి ఒక పెద్దాయన: అందర్నీ అడుగుతావు, నువ్వు రాత్రి ఏం చూస్తావమ్మా?)

నేనా? (నవ్వులు) నేను ఊళ్ళు తిరిగే వాళ్ళ వీడియోలు చూస్తానండీ. ఎవరో ఒకరు బ్యాగు తగిలించుకుని గుళ్ళూ కోటలూ తిరుగుతుంటారు, నాకు ఎక్కడికీ వెళ్ళడం కుదరదు, అందుకని.

(పెద్దాయన: అయితే తిరుమల రామచంద్రగారి హంపీ నుంచి హరప్పా దాకా చదివావా?)

లేదండీ. సిగ్గుగానే ఉంది చెప్పడానికి. మన దగ్గరుందా అది? ఒక్క నిమిషం, మా అటెండర్‌గారు ఏదో అంటున్నారు... ఉండాలంట, ఇష్యూలో ఉందంట, ఎవరో పట్టుకెళ్ళి రెండేళ్ళయినా తిరిగివ్వలేదంట. ఎవరండీ ఆ మహానుభావుడు?

(పెద్దాయన: నేనేనమ్మా. రేపు తెచ్చిస్తా.)